అక్క తీయించిన ఫోటోలు

పోయిన శుక్రవారం కువైట్‌లో షర్క్ అనే పేటలోని చేపల మార్కెట్ దగ్గర వ్యాను ఆపి నీడ కోసం వెతుక్కుంటుంటే, ముగ్గురు తెలుగు కుర్రాళ్లు వచ్చి నా చేతిలో ఫోన్ పెట్టారు. ఏదో హోటల్లో పనికి కొత్తగా వచ్చారట, గోదావరి వైపు మాట. "అన్నయ్యగారూ, ఒక్క ఫోటో తీసి పెడతారా అండీ?" అని అడిగారు. వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడు మార్కెట్ గుమ్మం ముందు ఒక చేపను రెండు చేతులతో పైకెత్తి, కప్పు గెలిచిన ఆటగాడిలా నిలబడ్డాడు. "ఆ సినిమాలో చేపతో పరిగెత్తే సీను ఇక్కడే తీశారండీ. మీరు చూసుండరేమో" అన్నాడు రెండోవాడు, నా నెరిసిన తల చూసి కాబోలు. నేను ఫోన్ ఎత్తి చూశాను. ఆలోచించకుండానే నోటి నుంచి మాట జారిపోయింది. "అట్ల కాదు బాబూ. చేప ఎడమ సంకల ఉండాలె. కుడిచేత్తోటి ప్యాంటు పట్టుకోవాలె, జారిపోతున్నట్టు. మొఖం ఎనుకకు తిప్పు, ఎవలో తరుముతున్నట్టు." వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీరు సినిమావాళ్లా అండీ?" అన్నాడు పొడుగువాడు, చాలా మర్యాదగా. కాదు, లాండ్రీ వ్యాను డ్రైవర్ని అన్నాను. అంతకు మించి చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆ కొలతలన్నీ నాకు నేర్పింది మా అక్క. ఆమె జీవితంలో ఎన్నడూ కువైట్ చూడలేదు.

ఆ సినిమా పేరెందుకు గానీ, తెలుగువాళ్లలో అది చూడనివాళ్లు తక్కువ. అరబ్బీ వచ్చని అబద్ధమాడి, కువైట్‌లో ఒక ఆసామి దగ్గర దుబాసీగా కుదిరిన ఒక అమాయకుడి కథ. వాడు ఏ మాటను ఎలా తిరగేసి చెప్పాడో, దానివల్ల ఎవరెవరు కొట్టుకున్నారో, అదే సినిమా అంతా. ఇక్కడ తీసినవి నాలుగు సీన్లే. మిగతాదంతా హైదరాబాదులోనే చుట్టబెట్టారని చెప్పుకునేవాళ్లు. అందులో ఎడారి అని చూపించినది ఎడారి కాదని మొదట కనిపెట్టినవాడు మా బావ. అందరం కడుపు పట్టుకుని నవ్వుతున్న చోట, ఆయన ముందుకు వంగి తెరను తేరిపార చూసి, "గిది కువైట్ ఇసుక కాదు, మన గోదారి ఇసుక" అని తేల్చేశాడు. అప్పటికే ఆయన ఇక్కడికి వచ్చి పనిచేస్తున్నాడు, సెలవు మీద ఇంటికొచ్చాడు కాబట్టి ఆ మాటకు తిరుగు లేదు.

మా బావ నవ్వడు. కోపిష్టి అని కాదు, ఇంత మెత్తటి మనిషిని నేను మరొకరిని చూడలేదు. నవ్వడం ఎందుకో ఆయనకు అందదు, అంతే. జగిత్యాలలో ఆ సినిమా ఆడినప్పుడు అక్క, బావ, నేను కలిసి వెళ్లాం. మా అక్క నవ్వితే మాత్రం హాలంతా తెర వదిలేసి వెనక్కి తిరిగి చూసేది. ముందు ఊపిరి బిగబట్టేది, తరువాత కుక్కర్ ఈలలాగా సన్నటి శబ్దం మొదలయ్యేది, ఆఖరికి ముందు సీటు మీద పడి గుద్దేది. ముందు సీట్లో ఎవరున్నారన్న విచారం ఉండేది కాదు. తెర మీద ఆ హాస్యగాడు మెట్టు తప్పి చేపతో సహా పడ్డాడు. అక్క ఈల మొదలైంది. బావ నా చెవి దగ్గరికి వంగి, "మెట్టు కనవడలేదా వానికి? గంత పెద్ద మెట్టు" అని అడిగాడు. బయటికొచ్చాక అక్క కళ్లు తుడుచుకుంటూ, "మీ బావకు కామెడీ సూపిచ్చుడు, చెవిటోని ముందట శంఖం ఊదుడు ఒక్కటేరా తమ్మీ" అంది. బావ దానికీ నవ్వలేదు. ఆమె చేతిలో సంచీ మాత్రం అందుకుని మోశాడు. వాళ్ల పెళ్లయి ఎన్నేళ్లయినా, ఒక కప్పు కింద గడిపింది సెలవుల లెక్కనే. ఆ సెలవుల్లో అక్క ఆయన్ని నవ్వించాలని చూసేది, ఆయన కరెంటు మోటారు బాగుచేసేవాడు.

తరువాత నేనూ ఇక్కడికే వచ్చాను. అర్దియాలో లాండ్రీ వ్యాను నడపడం నా పని, అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో మోత బావ పని. ఇద్దరికీ శుక్రవారమే సెలవు. బావ గదికి వెళ్లి వండుకుని తిని, ఇంటికి ఫోన్లు చేసుకుని వచ్చేవాణ్ణి. రెండేళ్ల కిందట అక్కకు జబ్బు బయటపడింది. దాని పేరు మా ఇంట్లో ఎవరూ నోటితో పలకలేదు, 'అది' అనేవాళ్లం. కరీంనగర్ ఆస్పత్రిలో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. చదువు పక్కనపెట్టి మా మేనకోడలు తల్లి దగ్గర కూర్చుంది. ఆ రోజుల్లో ఒక ఉదయం అక్క నాకు గొంతు రికార్డు చేసి పంపింది. "తమ్మీ, గీడ పండి పండి యాష్టకస్తుంది. ఆ సినిమా మీ కాడనే తీసిండ్రు గదరా. ఆ జాగలన్ని ఫోటోలు తీసి పంపుర్రి. ఉత్త జాగలు పంపితే ఊకోను. మీ బావను నిలవెట్టు."

బావ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, షర్క్ చేపల మార్కెట్ ముందు చేతులు కిందికి చాపి నిలబడ్డాడు. తీశాను, పంపాను. జవాబు వెంటనే వచ్చింది. "ఏందిరా గిది? ఇఖామా కార్డుకు దిగిన ఫోటోనా? చేప ఏది? ఉరుకుడు ఏది? మీ బావకు జెప్పు, మొఖం మీద ఈగ వాలినా కొట్టుకునేటట్టు లేదని." దాంతో లోపలికి వెళ్లి చేప కోసం బేరం మొదలుపెట్టాం. కాసేపు అరువిస్తావా, ఫోటో దిగి తిరిగిస్తాం అని బావ హిందీలో వివరంగా చెప్పాడు. చేపలమ్మే బంగ్లాదేశీ అంతా శ్రద్ధగా విని, "పహలే ఖరీదో భాయ్, ఫిర్ గలే లగావ్" అన్నాడు. కొనుక్కున్నాక నీ ఇష్టం వచ్చినట్టు కౌగిలించుకో అని. కొన్నాం. చేప సంకలో పెట్టుకుని మా బావ, ఇనుప దూలాలు మోసే మనిషి, ఆ గుమ్మం ముందు అడుగులో అడుగు వేస్తూ పరుగెత్తాడు. ఆయన పరుగు కూడా బస్సు అందుకోవడానికి వెళ్తున్నట్టే ఉంది. అక్క మళ్లీ తిప్పి పంపింది. చేప ఎడమ పక్కకు, ప్యాంటు కుడి చేతికి, ముఖం వెనక్కి. అలా ఎన్నిసార్లు తీశామో గానీ, చివరిసారి చేప నిజంగానే జారి నేల మీద పడింది, దాన్ని పట్టుకోబోయి బావా పడ్డాడు. ఆ క్షణం ఫోటోలో దొరికింది. కాసేపటికి అక్క దగ్గరి నుంచి వచ్చిన దాంట్లో మాటలు లేవు. ముందు నిశ్శబ్దం, తరువాత కుక్కర్ ఈల. బావ దాన్ని చెవికి ఆనించుకుని మళ్లీ మళ్లీ విన్నాడు. ఆ పూట చేపల పులుసు ఎవరు వండారో, ఎలా ఉందో నాకు గుర్తులేదు.

తరువాతిది అర్దియాలో బస్సు ఆగే చోటు. సినిమాలో వాడు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, వచ్చే ప్రతి కారూ తన కఫీల్‌దే, అంటే యజమానిదే అనుకుని సలాం కొడుతుంటాడు. బావ ఆ వారమంతా గదిలో గోడ అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకున్నాడని తోటివాళ్లు చెప్పారు. నిలబడి సలాములు మొదలుపెట్టాడో లేదో, పోలీసు కారు నెమ్మదించింది. లోపలున్న ఆఫీసరు బావను కిందినుంచి పైదాకా చూసి, గంభీరంగా తిరిగి సలాం కొట్టి వెళ్లిపోయాడు. ఆ సంగతి విన్న అక్క నవ్విన నవ్వుకు చేతికి పెట్టిన సూది కదిలిపోయి నర్సు కేకలేసిందట. మేనకోడలు ఫిర్యాదు చేయబోయి, అదీ నవ్వింది. "మామా, వార్డుల అందరు అడుగుతుండ్రు, వచ్చే శుక్రారం ఏ సీను అని" అంది. పక్క మంచం ఆవిడ అయితే తన చెల్లెల్ని గురువారమే ఇంటికి పంపేసి, శుక్రవారం ఫోన్ చూడ్డానికి కళ్లజోడు తెప్పించుకుందట.

ఎండలు ముదిరాయి. అక్క గొంతు రికార్డులు పొట్టివయ్యాయి. నవ్వు మొదలై దగ్గులోకి మళ్లిపోయేది. నేను దాన్ని గమనించానని బావకు తెలియకూడదనుకునేవాణ్ణి, ఆయనా నా గురించి అదే అనుకున్నాడేమో, ఇద్దరం ఫోన్ వంకే చూస్తూ కూర్చునేవాళ్లం. బావ ఇంటికి వెళ్తానని యార్డు ఆఫీసులో అడిగాడు. యజమాని వేసవికి విదేశాలకు వెళ్లాడు, ఆయన సరే అంటే గానీ ప్రయాణానికి అనుమతి రాదు. ఆఫీసులో కూర్చున్నవాడు రోజూ "బుక్రా" అనేవాడు. రేపు అని. వాడు చెడ్డవాడేం కాదు, టీ కూడా పోయించేవాడు. టీ తాగి, బుక్రా విని, బావ మళ్లీ ఇనుములోకి వెళ్లేవాడు.

ఆ మధ్యనే బావ ఒక పని చేశాడు. తన కోసం ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి, పడగొట్టిన పెద్ద ఇంటి నుంచి యార్డుకు వచ్చిన ఒక ఇనుప స్నానపు తొట్టిని అమ్మకానికి పోకుండా రేకుల వెనక దాచాడు. సినిమాలో మూడో సీను అమ్ఘరాదే. అబద్ధం బయటపడ్డాక వాడు యజమానికి దొరక్కుండా తుక్కు సామాను మధ్య తొట్టిలో పడుకుని, పైన గొడుగు తిరగేసి పట్టుకుంటాడు. తొట్టి కోసం ఎవరైనా వస్తే, అడుగు చిల్లి పడిందని బావ చెప్పేవాడట. ఆయన నోటి వెంట అబద్ధం రావడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ శుక్రవారం ఎండ ముదరకముందే వెళ్లాం. అయినా ఇనుము కాలిపోతోంది. బావ బకెట్లతో నీళ్లు మోసి తొట్టిని చల్లబరిచాడు, దిగి పడుకున్నాడు, గొడుగు తిరగేశాడు. నేను ఫోన్ ఎత్తేసరికి, "ఆగు" అని, తన పని గ్లవ్ తీసి వేళ్లు పైకి వచ్చేలా నెత్తిన పెట్టుకున్నాడు, కోడిపుంజు జుట్టులాగా. అది సినిమాలో లేదు. ఎవరూ చెప్పలేదు. "ఎట్లున్నది?" అని అడిగి, నా ముఖం చూసి, తనే నవ్వాడు. పళ్లన్నీ కనపడేలా. ఇన్నేళ్లలో మా బావ నవ్వితే ఎలా ఉంటాడో అప్పుడు చూశాను. బుగ్గ మీద సొట్ట పడుతుందని మా అక్కకైనా తెలుసో లేదో. గబగబా తీసేశాను.

ఆ ఇనుము గుట్టల మధ్య ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఫోటో వెళ్లక గుండ్రంగా తిరుగుతుంటే, గేటు దాకా నడిచాను. అక్కడ సిగ్నల్ అందగానే ఫోటో కంటే ముందు మేనకోడలు ఫోన్ వచ్చింది. "మామా, అమ్మ పోయింది. నాయినకు నువ్వే జెప్పు" అంది. వెనక ఎవరో ఏడుస్తున్నారు. పక్క మంచం ఆవిడేమో. నేను ఫోన్ పట్టుకుని వెనక్కి నడిచాను. ఎలా చెప్పాలో నడుస్తున్నంతసేపూ తోచలేదు. బావ తొట్టిలోంచి లేచి, గుడ్డతో దాని అంచులు తుడుస్తున్నాడు. గ్లవ్ ఇంకా నెత్తి మీదే ఉంది. దూరం నుంచే నన్ను చూసి గట్టిగా అడిగాడు.

"పోయిందా?"

"పోయింది బావా" అన్నాను.

"సూసిందా మరి?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఫోటో సంగతని అర్థమయ్యాక అక్కడే రేకుల మీద కూర్చున్నాను. రేకులు కాలుతున్నాయని కూడా తెలియలేదు. బావ నావైపు చూశాడు. చూస్తూ చూస్తూ, మెల్లగా చెయ్యి పైకెత్తి, నెత్తి మీది గ్లవ్ తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆమెకు ఒక్కతే ఉంటే బుగులు. పిల్ల పక్కన ఉన్నదా?" అన్నాడు. ఉంది అన్నాను.

జబ్బు కబురుకు దొరకని అనుమతి చావు కబురుకు మరునాడే దొరికింది. ఆఫీసులో 'బుక్రా' అనే మనిషే దగ్గరుండి టికెట్టు వేయించాడు. నేను మాత్రం వెళ్లలేకపోయాను. ఇక్కడ ఉండటానికిచ్చే నా ఇఖామా రెన్యువల్‌లో ఉంది, ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కుదరదన్నారు. విమానాశ్రయంలో బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నీ వంతు కూడ నేనే మోస్త" అన్నాడు. పాడె సంగతి. మా ఊళ్లో జరిగినదంతా నేను అర్దియాలో ఒక ఇంటి ముందు వ్యాను ఆపుకుని ఫోన్‌లో చూశాను. నా వెనక ఇస్త్రీ చేసిన తెల్లటి దిష్‌దాషాలు వరుసగా వేలాడుతున్నాయి, ఆ పొడుగు చొక్కాలు ఏసీ గాలికి కొంచెం కొంచెం ఊగుతున్నాయి. మేనకోడలు ఫోన్ పట్టుకుని నడుస్తుంటే బొమ్మ అటూ ఇటూ పోయేది. నిప్పు పెట్టే వేళకు ఎవరో అద్దం మీద తట్టారు. బట్టల కోసం వచ్చిన ఆ ఇంటి పెద్దాయన. ఒక చేత్తో ఫోన్ పట్టుకునే రెండో చేత్తో బట్టలు తీసిచ్చాను. ఆయన చూపు ఫోన్ మీద పడింది. బట్టలు తీసుకుని లోపలికి వెళ్లి, చల్లటి నీళ్ల సీసా తెచ్చి, మూత కూడా తనే తీసి నాకిచ్చాడు. మా అక్క చావుకు నన్ను పలకరించిన మొదటి మనిషి ఆయన.

దినాల రోజున జరిగింది మేనకోడలు తరువాత చెప్పింది. తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక ఆవిడ చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చింది. వార్డులో అక్క పక్క మంచం ఆవిడ. బావను చూడగానే గుర్తుపట్టి, "చేపతోటి పడ్డాయిన మీరే గదా" అందట. చుట్టాలంతా ఉలిక్కిపడ్డారు. "మీ ఆమె జెప్పేది, ఆ సినిమా ఆయన పైసలకు నవ్విపిస్తడు, మా ఆయన నా కోసం నేర్సుకున్నడు అని." ఆ మాట అని, ఆఖరి ఫోటో చూపించమంది. బావ ఫోన్ తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మేనకోడల్ని పట్టుకుని ఏడ్చింది. బావ ఆవిడ ఎదురుగా నిలబడి, ఫోన్ తిరిగి తీసుకోవడం మరిచిపోయి, "ఆమె సూస్తె గిట్లనే నవ్వుతుండె" అన్నాడట.

బావ తిరిగి వచ్చాడు. మేనకోడల్ని మా పెద్దమ్మ ఇంట్లో ఉంచి చదువుకు పంపుతున్నాడు, అందుకు ఇక్కడ ఉండక తప్పదు. చాలా శుక్రవారాలు మేం ఫోటోల ఊసెత్తలేదు. వండుకోవడం, తినడం, పడుకోవడం. చలి మొదలయ్యాక ఒక ఉదయం ఆయనే అన్నాడు, "ఆఖరి సీను జాగ ఒక్కటి మిగిలింది గదా బామ్మర్దీ. పోదామా?" ఆ సీనులో వాడు షర్క్ సముద్రపు గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తాడు. నవ్వించేవాడు ఏడిస్తే చూడలేనని, టీవీలో ఎప్పుడొచ్చినా ఆ సీనుకు అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అందుకే ఆ ఫోటో అడగనూ లేదు.

వెళ్లాం. చేపల పడవలు కట్టిన చోటికి కొంచెం అవతల, రాళ్ల గట్టు. గాలి చల్లగా ఉంది. నేను అలవాటుగా ఫోన్ తీసి, "కూసో బావా, తీస్త" అన్నాను. ఆయన కూర్చోలేదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"నన్ను తీసి ఎవలకు పంపుతవ్? నువ్వు కూసో."

"నన్నెందుకు బావా?"

"కూసోరా జెర."

కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ ఎవరికీ ఫోటో తీసిన మనిషి కాదు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, దూరం జరిగి, మళ్లీ దగ్గరికొచ్చి నా గడ్డం పట్టి పక్కకు తిప్పాడు. "తల దించకు. ఇప్పుడు నవ్వు" అన్నాడు. నవ్వు రావడం లేదన్నాను. "అస్తది. సెలవు అయిపోయి నేను బయలెల్లేటప్పుడు ఆమెకు ఏడుసుకుంటనే నవ్వు అచ్చేది. నువ్వు గూడ గట్లనే నవ్వు" అన్నాడు. ఏం నవ్వానో, ఎలా నవ్వానో తెలియదు. తీశాడు. ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు, నా తెల్ల వెంట్రుకలూ చొక్కా సముద్రమూ అన్నీ పక్కకు పోయి, నోరూ కళ్లూ మాత్రమే మిగిలేదాకా. "మూతి ఆమెదే" అన్నాడు. పడవల వాళ్లు వలలు దులుపుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లారు.

మా అక్క నాకన్నా రెండేళ్లే పెద్ద. ఆమె ఆగిపోయింది, నేను నడుస్తూనే ఉన్నాను. వచ్చే చలికాలానికి నేను ఆమెకన్నా పెద్దవాణ్ణవుతాను. ముసలితనంలో ఆమె ఎలా ఉండేదో బావకు ఇక నా ముఖంలోనే ఏడాదికి ఇంత చొప్పున కనపడాలి.